గరగరలోని గుణము

కళాశాల వార్షికోత్సవము దగ్గరపడినపుడు సాంస్కృతిక కార్యక్రమముల పర్యవేక్షణభారము సాధారణముగా తెలుగు పంతులు నెత్తిన పడును. పాట, పద్యము, నాటకము ఇవి యన్నియు భాషకు సంబంధించినవి గనుక వానిని అతడే చూచుకొనునని తక్కిన శాఖలవారి నమ్మకము. రెండేండ్ల క్రిందట ఆ భారము నాకు సంక్రమించినది. ముందునాటి అభ్యాసమున, బి.యస్సి. రెండవ యేడు చదువుచున్న విద్యార్థి యొకడు ఎలక్ట్రిక్ గిటారు పట్టుకొని వేదిక యెక్కెను. అతని పాదములచెంత గుండ్రని లోహపుపెట్టె యొకటి యుండెను. మొదట నాలుగు వరుసలు గిటారు తేటగా మ్రోగెను. తరువాత నతడు ఆ పెట్టెను కాలితో త్రొక్కెను. మరుక్షణమున ఆ తేటస్వరము మాయమై, తుమ్మెదల గుంపు రేకుడబ్బాలో చిక్కుకొన్నట్లు, గరగరమను మ్రోత హాలంతయు నిండెను.

నేను లేచి చేయెత్తి ఆపితిని. "ఏమోయ్, ఆ డబ్బా పాడైనట్టుంది, తీసెయ్" అంటిని. "పాడవలేదు మాస్టారూ, అది అలాగే మోగాలి" అని అతడు వినయముగానే పలికెను. "మోగేదల్లా సంగీతమైతే పిండిమర చేత కచేరీ చేయిద్దాం" అంటిని. చుట్టునున్నవారు నవ్విరి. అతడు మారుపలుకక పెట్టెను సంచిలో పెట్టుకొనెను. ఉత్సవమునాడు పెట్టె లేకయే వాయించెను. ఒప్పుకొన్న పని గనుక వాయించెననుట మేలు. పాట ఎచ్చట నెగసి నిలువవలెనో అచ్చట స్వరము సన్నగిల్లి తెగిపోయెను. అది నాకును వినబడినది.

కొన్నిదినముల తరువాత నతడు పాఠ్యాంశము విషయమై మా ఇంటికి వచ్చెను. ఆ సమయమున నా భార్య, ఇరుగుపొరుగు పిల్లలకు పాఠము చెప్పుటకై తంబురా శ్రుతి చేయుచుండెను. తీగకును గుర్రమునకును నడుమ నూలుపోగును ఇంచుక ఇటునటు జరుపగా, అంతవరకు పొడిగానున్న నాదము ఒక్కసారిగా విచ్చుకొని గదియంతయు నిండినది. విద్యార్థి పుస్తకము మూసి వినుచుండెను. "అమ్మా, ఆ దారం తీసేస్తే తంబురా ఇంకా తేటగా మోగుతుంది కదా, మరి ఎందుకు పెట్టారు?" అని యడిగెను. "దారం లేకపోతే నాదంలో జీవం ఉండదు నాయనా. అందుకే దాన్ని జీవ అంటారు" అని ఆమె చెప్పెను. అతడు నావంక చూడకయే, "నా డబ్బా చేసేదీ అదేనమ్మా" అనెను. నాకు సమాధానము తోచలేదు.

ఒక పద్యమును పూర్తిగా చదువకయే విద్యార్థి "ఇది బాగాలేదు" అనినచో నేను ఊరకుందునా? రెండుమారులు చదివి రమ్మని పంపుదును. అతని గిటారు విషయమున నేను చేసినది సరిగా ఆ తప్పే. అది మొదలు ఆ పెట్టెను గూర్చి అతనిని అడిగియు, చదివియు, చెవియొగ్గి వినియు కొంత తెలిసికొంటిని. తెలిసికొన్నదానివలన నాకు గలిగిన అభిప్రాయమును ఉపాధ్యాయుల యెదుటను విద్యార్థుల యెదుటను ఉంచుటకే ఈ వ్యాసము. గరగర గుణమా, దోషమా యను ప్రశ్నకు సమాధానము పెట్టెలో లేదు. కోరి, తెలిసి, తగినచోట వాడిన గుణమగును. తెలియక, ఎల్లెడల, తన లోపమును కప్పిపుచ్చుకొనుటకు వాడిన దోషమగును. కొనువాడును, వాడువాడును, వినువాడును ఈ యొక్క సూత్రమును మరువకుండిన చాలును.

మొదట ఆ పెట్టె చేయు పని యేమో చూతము. దానిని ఫజ్ పెడల్ అందురు. ఎలక్ట్రిక్ గిటారు తీగలు ఉక్కువి. వాని క్రింద అయస్కాంతమును, దాని చుట్టును సన్నని రాగితీగ చుట్టయు నుండును. దానికి పికప్ అని పేరు. తీగ కంపించినపుడు ఆ చుట్టలో స్వల్పమైన విద్యుత్తరంగము పుట్టును. ఆంప్లిఫయరు ఆ తరంగమును పెద్దదిచేసి స్పీకరునకు పంపును. తరంగము నునుపైన ఎత్తుపల్లములతో సాగినంతవరకు స్వరము తేటగా వినబడును. ఫజ్ పెట్టె గిటారునకును ఆంప్లిఫయరునకును మధ్య నుండును. అందలి ట్రాన్సిస్టరులు తరంగమును తమలో పట్టగలిగినదానికంటె మిక్కిలిగా పెంచబోవును. పట్టనిభాగము తెగిపోవును. కుంచములో రాసిగా పోసిన ధాన్యమును కర్రతో చదునుచేసినట్లు తరంగశిఖరములు చదునగును. కొండవలె నున్నది గోడవలె మారునన్నమాట.

ఆకారము మారిన తరంగము వట్టి మూలస్వరమును మాత్రమే పలుకదు. దానితోపాటు అనుస్వరములను పలుకును. ఇచ్చట అనుస్వరమనగా వ్యాకరణములోని సున్న కాదు. మూలస్వరపు కంపనసంఖ్యకు రెండురెట్లు, మూడురెట్లు, నాలుగురెట్లుగా నుండు పైస్వరము. గిటారు ఐదవతీగ సెకనుకు 110 మారులు కంపించును. శిఖరములను, పల్లములను సమానముగా నరికినచో 330, 550, 770 అను బేసిరెట్ల కంపనములు బలముగా వచ్చి చేరును. ఒకవైపు ఎక్కువగాను, ఒకవైపు తక్కువగాను నరికినచో 220, 440 అను సరిరెట్లును కలియును. గరగరయని మనము వినునది ఈ అనుస్వరముల గుంపునే. మరియొక ఫలము గూడ కలదు. తీగకంపము క్రమముగా సన్నగిల్లుచున్నను, నరుకబడిన తరంగపు ఎత్తు మాత్రము చాలసేపు మారకుండును. అందువలన మీటినవెంటనే క్షీణింపవలసిన గిటారు నాదము, కమానుతో లాగిన వయొలిన్ నాదమువలె నిలుచును. మా విద్యార్థి పాటలో ఆ రాత్రి కొరవడినది ఈ నిలుకడయే.

ఈ పెట్టె పుట్టుక విచిత్రమైనది. దీని పూర్వచరిత్ర యంతయు చెడిన పరికరముల చరిత్రయే. 1951లో అమెరికాలోని మెంఫిస్ నగరమున ఐక్ టర్నర్ బృందము "రాకెట్ 88" అను పాటను రికార్డు చేయబోగా, గిటారువాద్యకుడు విల్లీ కిజార్ట్ ఆంప్లిఫయరు దెబ్బతినియుండెను. స్పీకరులో కాగితము కుక్కి పని జరిపిరి. ఆ బొంగురుగొంతే రికార్డునకు వన్నె తెచ్చెను. 1958లో లింక్ రే "రంబుల్" అను తన వాద్యరచనకై స్పీకరునకు పెన్సిలుతో తూట్లు పొడిచెను. 1964లో ఇంగ్లండునందు కింక్స్ బృందపు గిటారువాద్యకుడు డేవ్ డేవీస్ స్పీకరు కాగితమును బ్లేడుతో కోసెను. మొదటివాడు కాలవశమున దొరికిన లోపమును వాడుకొనెను. తరువాతివారు లోపమును కోరి తెచ్చుకొనిరి.

పెట్టె రూపమునకు మూలమైన సంఘటన నాష్‌విల్ నగరమున జరిగినది. మార్టీ రాబిన్స్ పాడిన "డోంట్ వర్రీ" అను పాటకు గ్రేడీ మార్టిన్ ఆరుతీగల బాస్ గిటారు వాయించుచుండగా, స్టూడియోలో శబ్దమును కలుపు బల్లలోని ఒక భాగము చెడి గరగరలాడినది. ఆ ముక్కను తీసివేయక అట్లే యుంచిరి. 1961లో ఆ పాట వెలువడి జానపదశైలి పాటల పట్టికలో ప్రథమస్థానము నందుకొనెను. ఇతర వాద్యకులు తమకును ఆ ధ్వని కావలెనని అడుగసాగిరి. చెడిన యంత్రమును ఎల్లరకు పంచిపెట్టుట యెట్లు? ఆ ధ్వనిముద్రణను జరిపిన ఇంజనీరు గ్లెన్ స్నాడీ, తోటి ఇంజనీరు రెవిస్ హాబ్స్‌తో కలిసి, మూడు జెర్మేనియము ట్రాన్సిస్టరులతో అట్టి ధ్వని నిచ్చు పరికరమును కల్పించెను. గిబ్సన్ సంస్థ 1962లో దానిని మేస్ట్రో ఫజ్‌టోన్ అను పేర విపణిలోనికి తెచ్చినది. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీలు రెండే దాని కాహారము.

గిటారుచేత బాకాలను, ఇతర ఊదువాద్యములను అనుకరింపవచ్చునని ఆ పెట్టెను ప్రచారము చేసిరి. అయినను మొదటి సంవత్సరములలో కొనువారు అంతగా లేకపోయిరి. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందము "సాటిస్ఫాక్షన్" పాటను రికార్డు చేయునపుడు కీత్ రిచర్డ్స్ ఆ పెట్టెను వాడెను. ఆ వరుసను తరువాత ఊదువాద్యములచే వాయింపింపవలెనని అతని యూహ. పెట్టెతో వాయించినది చిత్తుప్రతి మాత్రమే. ఆ చిత్తుప్రతియే పాటగా వెలువడి లోకమంతట మ్రోగెను. ఊదువాద్యమునకు నకలుగా పుట్టిన ధ్వని ఆనాటినుండి తనకు తానే అసలైనది. నకలు చేయుచు నకలు చేయుచు సొంతగొంతు సంపాదించుకొనుట సాహిత్యమున మనమెరుగనిదా? అనువాదముగా మొదలైన మన కవిత్రయ భారతమును ఎవ్వరైన నకలందురా?

"చెడిన యంత్రపు చప్పుడును గుణమనుట పాశ్చాత్యుల వెర్రి" అని కొందరు పెద్దలనవచ్చును. నేనును అట్లే తలచితిని. మన వాద్యములను కొంచెము పరిశీలించిన ఆ మాట నిలువదు. తంబురాయందలి నూలుపోగు చేయు పని యేమి? తీగ స్వేచ్ఛగా కంపింపక గుర్రపు వంపుతలమును మాటిమాటికి తాకునట్లు చేయుట. ఆ తాకిడియే అనుస్వరములను లేపును. మీటిన బిందువున నిశ్చలముగా నుండవలసిన అనుస్వరములు పుట్టరాదని పాశ్చాత్య శాస్త్రజ్ఞుల నియమము. తంబురా, వీణలయందు అవియు స్పష్టముగా వినబడుచున్నవనియు, గుర్రము నిర్మాణమే దానికి కారణమనియు చంద్రశేఖర వేంకటరామన్ 1921లో చూపెను. బాల్యమున విశాఖపట్టణమున చదువుకొన్న ఆ శాస్త్రవేత్త, మన పూర్వులు చెవితో సాధించినదానిని ప్రయోగశాలలో నిరూపించెను. మృదంగపు కుడిమూతయందు చర్మముల నడుమ పుల్లలో, సన్నని రాతిరవ్వలో చేర్చుట కూడ ధ్వనికి రవ్వ పుట్టించుటకే. తేటదనమొక్కటియే నాదగుణమైనచో వీనిలో నేదియు అవసరము లేదు.

అలంకారశాస్త్రమున గుణదోషవిచారము చదివినవారికి ఇది క్రొత్త కాదు. ఒక సందర్భమున దోషమైనది వేరొక సందర్భమున శోభయగునని భామహుడు గుర్తించెను. నల్లని కాటుక కంట నుండి అందమగుట అతడు చూపిన పోలిక. ఆ కాటుకయే చెంపకు అంటిన మరక. శ్రుతికటువులైన అక్షరములు శృంగారమున దోషము, రౌద్రమున గుణము. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరకుడైన క్షేమేంద్రుడు ఔచిత్యమునే కావ్యమునకు ప్రాణమని సిద్ధాంతము చేసెను. ఫజ్ పెడల్‌ను కొనుటకును వాడుటకును ఔచిత్యమునకు మించిన కొలబద్ద నాకు కనబడలేదు.

ఇక ఎన్నికను గూర్చి. అంగడికి పోవు విద్యార్థి సాధారణముగా పేరును కొనును. ఫలానా మహావాద్యకుడు వాడినది గనుక తనకును అదే కావలెనని పట్టుపట్టును. పెట్టెలలో ముఖ్యముగా మూడు కుటుంబములు కలవు. 1965లో లండనునందు గ్యారీ హర్స్ట్ రూపొందించిన టోన్ బెండర్ మొదటిది. 1966లో ఆర్బిటర్ సంస్థ వెలువరించిన ఫజ్ ఫేస్ రెండవది. మైక్రోఫోను స్తంభపు గుండ్రని అడుగును పోలిన ఆకారము దానిది; రెండే ట్రాన్సిస్టరులు, రెండే మరలు; ఒకటి ధ్వనిపరిమాణమునకు, రెండవది గరగరకు. జిమీ హెండ్రిక్స్ దానిని లోకప్రసిద్ధము చేసెను. న్యూయార్కునందు ఎలక్ట్రో హార్మోనిక్స్ సంస్థ 1960ల చివర రూపొందించిన బిగ్ మఫ్ మూడవది. నాలుగు ట్రాన్సిస్టరులతో పనిచేయు ఆ పెట్టె నాదము దట్టమైనది, నిలుకడ మిక్కిలి గలది. నేడు అమ్ముడుపోవు పెట్టెలలో పెక్కు ఈ మూడింటి సంతతియే. కాబట్టి పేరునకు కాక పనికి మూల్యమిచ్చుట మంచిది.

ట్రాన్సిస్టరు ఏ ధాతువుతో చేసినదో తెలిసికొనుట ముఖ్యము. జెర్మేనియము నాదము మెత్తనిది, గుండ్రనిది. సిలికాను నాదము పదునైనది, బలమైనది. మొదటిది శ్రేష్ఠమనియు, రెండవది నాసిరకమనియు ఒక వాదము ప్రచారములో నున్నది. అది సత్యము కాదు. జెర్మేనియమునకు వేడి పడదు. ఉష్ణము సుమారు పది డిగ్రీలు పెరిగినపుడెల్ల దానిలో వృథాగా కారు విద్యుత్తు రమారమి రెట్టింపగును. పెట్టె గొంతు అణగిపోయి ముక్కలుగా తెగును. చలిదేశపు స్టూడియోలో తేనెవలె పలికిన పెట్టె, పల్నాటి రెంటచింతల వేసవిలో ఎట్లు పలుకునో ఊహింపవచ్చును. మా విద్యార్థి మిత్రునివద్ద అట్టి పెట్టె యొకటి కలదు. గోదావరి జిల్లాలోని మా ఊర మేనెలలో దానిని ఉదయము ఏడుగంటలకు వింటిని. మధ్యాహ్నము రెండుగంటలకు వింటిని. ఉదయము పాడినది, మధ్యాహ్నము దగ్గినది. మన యెండలో ఆరుబయట వేదికలపై వాయించు విద్యార్థికి సిలికానే నమ్మదగినది. ప్రాతదనమును పూజించి జెర్మేనియమునకు హెచ్చుధర పోయువాడు ఈ సంగతి మరువరాదు.

ఏ పెట్టెనైనను ఇతరుల గిటారుతో పరీక్షింపరాదు. తన గిటారు, తన ఆంప్లిఫయరు తీసికొనిపోవలెను. వీలు కానిచో తనవంటివానిని అడిగి తెచ్చుకొనవలెను. మొదట గరగర మరను నిండుగా త్రిప్పి వాయింపవలెను. తరువాత పెట్టెను ముట్టక, గిటారుమీది పరిమాణపు మరను కొంచెముకొంచెముగా తగ్గింపవలెను. మంచి ఫజ్ ఫేస్ జాతి పెట్టెయైనచో గరగర క్రమముగా తరిగి, తుదకు రవ్వ మాత్రము మిగిలిన తేటనాదము వచ్చును. మెల్లగా మీటిన మెల్లగా, గట్టిగా మీటిన గట్టిగా అది బదులు పలుకవలెను. ఎట్లు మీటినను ఒక్కతీరుగా అరచు పెట్టెను విడిచి లేచిరావలెను. చేతి భేదమును గుర్తింపని వాద్యము విద్యార్థికి ఏమియు నేర్పదు. ఈ యొక్క పరీక్ష వంద ప్రశంసాపత్రములకంటె మేలు.

కొన్నతరువాత దాని స్థానము తెలియవలెను. పలువురు రెండుమూడు పెట్టెలను వరుసగా కలుపుదురు. ఫజ్ ఫేస్ జాతి పెట్టె గిటారునుండి నేరుగా తరంగమును అందుకొనవలెను. పికప్ చుట్టతో దానికి సూటియైన సంబంధముండవలెను. నడుమ మరియొక పరికరము చేరినచో కొన్నిసార్లు నాదము కీచుగా మారును, గిటారు మరకు లొంగదు. కావున వరుసలో మొదటిచోటు దానిదే. ఇంకొక జాగ్రత్త కలదు. ప్రాతపద్ధతి జెర్మేనియము పెట్టెలు కొన్నింటిలో బ్యాటరీ ధ్రువముల అమరిక తక్కిన పెట్టెలకు విపర్యయముగా నుండును. వానిని ఇతర పెట్టెలతో కలిపి ఒకే విద్యుదాధారమునకు తగిలింపరాదు. వేరుగా బ్యాటరీ వాడుట క్షేమము.

ప్రయోగమున ముఖ్యసూత్రము స్వరముల ఎన్నిక. తంబురాలో ప్రతి తీగకును వేరువేరుగా జీవ యుండును. ఒకదాని అనుస్వరములు మరియొకదానితో పెనగులాడవు. ఫజ్ పెట్టె అట్లు కాదు. అన్ని తీగల తరంగములను ఒక్కటిగా కలిపి నరుకును. అప్పుడు రెండు స్వరముల మొత్తమును భేదమును గూడ క్రొత్త స్వరములుగా పుట్టును. షడ్జము 110, పంచమము 165 అనుకొందము. భేదము 55, మొత్తము 275. ఇవన్నియు 55కు రెట్లే. క్రొత్తగా పుట్టిన 55 షడ్జమునకు సరిగా ఒక స్థాయి క్రింది షడ్జము. అందువలన నాదము చెడదు సరికదా, మంద్రముతో బలపడును. షడ్జముతో అంతరగాంధారమును కలిపినచో సంగతి వేరు. గిటారు మెట్ల అమరికలో ఆ గాంధారము సుమారు 138.6. భేదము 28.6, మొత్తము 248.6. ఇవి దేనికిని సరిగా పొసగక తక్కిన అనుస్వరములతో కొట్టుకొనును. చెవికి బురద పూసినట్లుండును.

పాశ్చాత్య గిటారువాద్యకులు పెట్టె త్రొక్కినపుడు షడ్జపంచమములనే జంటగా పట్టుటకు కారణమిదియే. మన తంబురాలో శతాబ్దములుగా మ్రోగుచున్న జంటయు అదే. వేరువేరు దేశములవారు, వేరువేరు పరికరములతో, చెవిని నమ్మి ఒక్కచోటికే చేరిరి. కావున విద్యార్థికి నా సలహా: పెట్టె పలుకునపుడు ఒంటిస్వరములు వాయింపుము, లేదా షడ్జపంచమములు వాయింపుము; నిండుజంటలు వాయింపవలెనన్న పెట్టెను విడువుము.

రెండవసూత్రము మితము. పెట్టె మీది మరలను ఎల్లపుడును చివరివరకు త్రిప్పియుంచువాడు, ప్రతి వాక్యమునకును ఆశ్చర్యార్థకము పెట్టు రచయితవంటివాడు. పాటలో పల్లవి తేటగా సాగి, ఒక్కచోట గరగర లేచినపుడే దానికి విలువ. మూడవసూత్రము నిజాయితీ. శ్రుతి తప్పిన తీగను, తడబడు వ్రేళ్లను గరగర కొంతవరకు దాచును. అందుచేత సాధనయంతయు పెట్టె లేకయే చేయవలెను. తేటగా వాయింపగలిగిన వరుసనే పెట్టెతో వాయింపవలెను. సమాసములచాటున అర్థలోపమును దాచు కవిని మనము క్షమింపము గదా! నాల్గవది చెవుల రక్షణ. ఈ ధ్వనిలో పైస్వరములు మెండు. చిన్నగదిలో పెద్దధ్వనితో గంటలకొలది వాయించినచో వినికిడికి హాని. చెవి పోయినవానికి ఏ పెట్టెయు అక్కరలేదు.

ఇది మన సంగీతమునకు పనికివచ్చునా యని కొందరడుగుదురు. ఫజ్ పెట్టెను కచేరీ వేదికపైకి తెమ్మని నేననుటలేదు. వాద్యమునకు జన్మదేశము అడ్డుకాదని మాత్రము చెప్పుదును. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్, జంటతీగల పాశ్చాత్య మాండలిన్‌ను విడిచి, ఐదు ఒంటితీగల విద్యుత్ మాండలిన్‌ను చేపట్టి, గమకములను దానిచేత పలికించెను. 2014లో ఆయన కన్నుమూయునాటికి ఆ వాద్యము కర్ణాటక సంగీతపు ఇంటిబిడ్డయైనది. ఆయన కోరినది తేటనాదము, గరగర కాదు. అదియే నా వాదమునకు బలము. తన సంగీతమునకు ఏది యుచితమో తెలిసి, దానికి తగినట్లు వాద్యమును మలచుకొనెను. గరగరను కోరువాడును అట్లే తెలిసి కోరవలెను.

ఉపాధ్యాయ సోదరులకు ఒక్క మనవి. మన విద్యార్థులు తెచ్చు క్రొత్త ధ్వనులన్నియు గొప్పవి కావు. అనేకము వట్టి రొదయే. ఏది రొద, ఏది నాదమో చెప్పవలసిన బాధ్యత మనదే. ఆ మాట చెప్పుటకు అధికారము మాత్రము ఉద్యోగమువలన రాదు, వినుటవలన వచ్చును. వినకయే నవ్వించిన నాటి మాట తలచుకొన్న నేటికిని నాకు సిగ్గగును. పిండిమర మాటకు అతడు కంటతడి పెట్టలేదు, ఎదురు చెప్పలేదు. పెట్టెను సంచిలో పెట్టుకొనెను, అంతే. అట్లు మౌనముగా సంచులలో పెట్టుకొనబడిన కవితలు, బొమ్మలు, పాటలు మన బడులలో ఎన్ని యున్నవో!

మరుసటి వార్షికోత్సవమున అతనిని నేనే పిలిచి వాయింపుమంటిని. "ఆ పెట్టె తెచ్చుకో" అంటిని. "పాటంతా వద్దు మాస్టారూ, ఒక్కచోట చాలు" అనెను. తేటగా మొదలుపెట్టి, చివరి చరణమునకు ముందు కాలితో పెట్టెను త్రొక్కెను. ఒక్కటే స్వరము లేచి, అనుస్వరములతో బరువెక్కి, చాలసేపు నిలిచినది. మరల కాలు కదిపి తేటస్వరమునకు దిగెను. ముందువరుసలో నున్న నా భార్య నావైపు వంగి, "శ్రుతి నిలబడింది" అనెను. ఔచిత్యమును గూర్చి ముప్పదియేండ్లు పాఠము చెప్పిన నేను, దానిని ఆ దినమున విద్యార్థివద్ద వింటిని.